నా కుప్ప చుట్టూ తీసిన కాలవ

మా చర్చి సంఘంలో నా గురించి ఒక మంచి మాట చెప్పుకుంటారు. రెండేళ్ల కిందట మార్చిలో అకాల వర్షం పడ్డప్పుడు, మా తోటికోడలి మిరపకాయల్ని కాపాడబోయి నేను నిలువునా తడిశానని, జ్వరం కూడా తెచ్చుకున్నానని. కొత్తగా కాపురానికొచ్చిన కోడళ్లకు బుద్ధులు చెప్పేటప్పుడు ఈ సంగతే ఎత్తుతారు. స్త్రీల కూడికలో ఒకసారి వాక్యం మధ్యలో కూడా చెప్పారు. నేను అక్కడే చాప మీద కూర్చుని విన్నాను.

అది అబద్ధం. నోటితో సరిదిద్దితే నలుగురికి చెప్పగలను. ఆ నలుగురూ ఇంకో నలుగురికి ఇంకోలా చెబుతారు. కాగితం మీద పెట్టింది అలా మారదు. పాతికేళ్లుగా లైబ్రరీకి వెళ్లి నేను గట్టిగా నేర్చుకున్న సంగతి అదొక్కటే అనిపిస్తుంది. అందుకని రాస్తున్నాను. పేర్లు మాత్రం రాయను. మా తోటికోడలు ఆ షరతు మీదే ఒప్పుకుంది.

ముందు నా సంగతి. నేను ఏడో తరగతితో బడి మానేసి పత్తి తీతకు పోయినదాన్ని. మా మండలంలో శాఖా గ్రంథాలయం బస్టాండు వెనక ఉంటుంది. పెళ్లయిన కొత్తలో సంతకు వెళ్లి, ఎండకు తాళలేక దాని వరండాలో నిలబడితే, అక్కడి గ్రంథపాలకుడు లోపల ఫ్యాను ఉందమ్మా, కూర్చో అన్నాడు. ఊరికే కూర్చుంటే బాగోదని ఒక పుస్తకం తీశాను. అలా మొదలైంది. నేలల గురించి, నక్షత్రాల గురించి, అమరావతి స్తూపం రాళ్ల గురించి, మబ్బుల్లో రకాల గురించి చదివాను. ముప్పై ఆరో ఏట ఓపెన్ స్కూల్లో పది పాసయ్యాను. ఆదివారం ఆరాధనలో వాక్యం చదివేది నేనే. ఒత్తు పోదు, దీర్ఘం తప్పదు. ఒక్కోసారి పాస్టరుగారు కూడా ఫలానా మాటకు అర్థమేమిటమ్మా అని నన్నే అడుగుతారు. గొప్ప కోసం చెప్పడం లేదు అని రాయబోయాను గాని, గొప్ప కోసమే చెబుతున్నాను. జరిగినదానిలో ఆ గొప్పకు భాగం ఉంది.

మా తోటికోడలు, అంటే మా మరిది భార్య, నాకంటే పన్నెండేళ్లు చిన్నది. కనిగిరి వైపు మెట్ట పల్లె నుంచి వచ్చింది. అక్షరాలు కూడబలుక్కుని చదువుతుంది. కానీ ప్రార్థన చేసిందంటే మందిరంలో సగం మంది ఆడవాళ్లు కొంగు కళ్లకు అద్దుకుంటారు. పెద్ద మాటలేమీ ఉండవు. అయ్యా, ఫలానా ఆమె గేదె ఈనలేక అవస్థ పడుతోంది, కాస్త చూడు అన్నట్టు, పక్కింటాయనతో చెప్పినట్టు చెబుతుంది. నేను వారమంతా ఆలోచించి, మంచి సమాసాలు ఏరి, కాగితం మీద రాసుకుని, బట్టీ పట్టి ప్రార్థన చేస్తే ఆమేన్ అంటారు. అంతే. మా సంఘంలో ఒక ముసలామె ఉంది. ఒకరోజు ముఖం మీదే చెప్పింది. "నీ ప్రార్థన బాగుందే గాని, మధ్యలో లేపి ప్రశ్నలడుగుతావేమోనని భయమేసింది" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

అప్పట్నుంచి మా తోటికోడలు ప్రార్థన చేస్తున్నప్పుడు నేను కళ్లు మూసుకోవడం మానేశాను. ఎంతమంది ఏడుస్తున్నారో చూసేదాన్ని.

ఇంకా ఉంది. ఒకసారి ఆమె ప్రభువు బల్ల రోజున, అంటే మందిరంలో రొట్టె, ద్రాక్షరసం తీసుకునే రోజున, చిన్న గ్లాసులున్న పళ్లెం చేజార్చి పగలగొట్టింది. అందరూ పోనీలేమ్మా, కాలికేమైనా గుచ్చుకుందా అని అడిగారు. ఒక ఆదివారం నేను వాక్యంలో ఒక వరస వదిలేసి చదివితే నెల రోజులు చెప్పుకున్నారు. ఆమె తప్పు చేస్తే క్షమాపణ పరుగెత్తుకుంటూ ఎదురొచ్చేది. నా దగ్గరికొచ్చేసరికి దానికి కాళ్లు నొప్పులు. ఒకే దుకాణంలో కొన్న విత్తనం, పక్కపక్క చేలు, ఒకే మందు. అయినా ఆమె కాయ ఎర్రగా కనపడేది నాకు. రాత్రి పరలోక ప్రార్థన చెప్పుకుంటూ, మేం ఇతరుల్ని క్షమించినట్టే మమ్మల్నీ క్షమించమని అడిగే చోటికి రాగానే ఆగిపోయేదాన్ని. ఆమెను క్షమిద్దామంటే ఆమె నాకు చేసిన తప్పేదీ దొరికేది కాదు. తప్పు చెయ్యని మనిషిని ఎలా క్షమించాలో నేను చదివిన ఏ పుస్తకంలోనూ లేదు.

అన్నదమ్ములిద్దరూ చెరో ఎకరం మిరప కౌలుకు చేస్తారు. కల్లం మాత్రం అప్పట్లో ఒకటే. కోసిన కాయల్ని ఆరబోయడానికి చేను చివర చదును చేసుకున్న నేలను మేం కల్లం అంటాం. తూర్పు సగం మాది, పడమర సగం వాళ్లది. పొద్దున్నే కాయల్ని పరచడం, మధ్యాహ్నం తిరగదోయడం, సాయంత్రం కుప్పచేసి పట్టా కప్పడం. తడిస్తే కాయ రంగుపోయి తెల్లగా మచ్చలు పడుతుంది. అలా చెడిన కాయను తాలు అంటాం. తాలును గుంటూరు మిర్చి యార్డులో ఎవరూ సరిగ్గా చూడను కూడా చూడరు.

అది లెంటు రోజుల్లో, అంటే ఈస్టరుకు ముందొచ్చే ఉపవాస దినాల్లో, ఒక శుక్రవారం. మగవాళ్లిద్దరూ మొదటి కోత బస్తాలతో గుంటూరు వెళ్లారు. మందిరంలో మధ్యాహ్నం ఉపవాస కూడిక. దాన్ని నడిపించేది ఎప్పుడూ నేనే. ఆ వారం మాత్రం పాస్టరమ్మగారు, ఈసారి మీ చెల్లెలు నడిపిస్తుందిలేమ్మా, నువ్వు కాస్త విశ్రాంతి తీసుకో అన్నారు. ఉపవాసం మానేసి అన్నం తిని కల్లానికి పోయాను. మా తోటికోడలు తెల్లచీర కట్టుకుని మందిరానికి పోతూ అటు వచ్చి, అక్కా, కాస్త మా కాయలు కూడా చూస్తుండు అంది. సరేలే అన్నాను.

మూడు దాటాక నైరుతి మూల మబ్బు లేచింది. అడుగు చదునుగా, పైన కమ్మరి దాగలిలా వెడల్పుగా పరుచుకున్న మబ్బు. దాని బొమ్మ నేను పుస్తకంలో చూశాను. అరగంట లోపు కురుస్తుందని నాకు ఖాయంగా తెలుసు. లేచి నా కాయల్ని కుప్ప చేశాను. పట్టా కప్పి, అంచుల మీద రాళ్లు పెట్టాను. నీళ్లు కుప్ప కిందికి రాకుండా పార తీసుకుని చుట్టూ చిన్న కాలవ తీశాను. ఇంకా చినుకు పడలేదు.

మా తోటికోడలి పట్టా మడతపెట్టి రాయి కింద ఉంది. నాకు పది అడుగుల దూరం.

మందిరం మైకు చేల వైపే ఉంటుంది. ఆమె ప్రార్థన వినపడుతోంది. వెనక అందరి స్తోత్రాలు. ఒకామె వెక్కి ఏడవడం కూడా వినపడింది. ఆ తర్వాత మా తోటికోడలు అన్న మాట ఇది: "తండ్రీ, మా అక్క ఈరోజు నీ సన్నిధికి రాలేదు. కాయల దగ్గర ఉండిపోయింది. ఆమె మనసు నీ వైపు తిప్పు." పెద్దగా ఆమేన్ అన్నారు.

నేను పార కింద పెట్టి నిలబడ్డాను. ఆమె కాయల్ని ఆమె ప్రార్థనే కప్పుకోనీ అనుకున్నాను. ఈ మాటను ఇంతకంటే మెత్తగా రాయడానికి మూడుసార్లు ప్రయత్నించాను. కుదరలేదు. అనుకున్నది అదే.

పావుగంట అలాగే నిలబడ్డాను. వాన వచ్చింది. ఎర్రటి కాయల మీద చినుకులు పడుతుంటే చూస్తూ ఉన్నాను. గట్టు మీద ఆడవాళ్లు పరుగెత్తుకొస్తున్న అలికిడి విన్నాకే పట్టా లాగాను. వాళ్లు వచ్చేసరికి నేను నిలువునా తడిసి, సగం కప్పిన పట్టా కొస పట్టుకుని ఉన్నాను. మా తోటికోడలు ముందు కాయల వైపు చూడలేదు. నా దగ్గరికొచ్చి, తడిసి ముద్దయ్యావే అక్కా అని తన కొంగుతో నా తల తుడిచింది.

రెండు రోజుల తర్వాత ఆదివారం, నెలలో మొదటిది. ప్రభువు బల్ల ఉన్న రోజు. మా సంఘంలో రొట్టె పళ్లెం తిప్పేముందు ఒక పద్ధతి ఉంది. ఎవరికి ఎవరితో మనస్పర్థ ఉన్నా లేచి వెళ్లి కుడిచెయ్యి ఇచ్చి, క్షమించండి, వందనాలు అనాలి. దీన్ని సమాధానపడటం అంటాం. సమాధానపడకుండా బల్ల తీసుకోకూడదు. మనస్పర్థలు లేనివాళ్లు కూడా పక్కవాళ్లకు చెయ్యిచ్చి ఆ మాట అనేస్తారు. మా తోటికోడలు నా దగ్గరికి వచ్చి చెయ్యి చాపి, క్షమించక్కా అంది. నేను వందనాలు అన్నాను. రెండో మాటే అన్నాను. ఇద్దరం రొట్టె తీసుకున్నాం. ఆ సాయంత్రం నాకు జ్వరం వచ్చింది. మా మరిది వచ్చి కొబ్బరిబొండాలు కొట్టించి ఇచ్చాడు. మా కాయల కోసం తడిశావు వదినా అన్నాడు.

ఆమె కాయల్లో ముప్పాతిక తాలైపోయాయి. ఊరంతా ఆమె మీద జాలిపడింది. పాస్టరమ్మగారు ఇంటికొచ్చి ప్రార్థన చేసి వెళ్లారు. ముసలామె దుత్తలో మజ్జిగ పంపింది. నేను చేసిన పాపం వల్ల కూడా ఆమెకే ప్రేమ దొరికింది. ఆ జాలి చూసినా నాకు కుళ్లుగానే ఉండేది. నన్ను మెచ్చుకున్నారు నిజమే. మెచ్చుకోలు పెదవుల దగ్గర నుంచి వస్తుంది. ఆమెకు దక్కింది వేరే చోటు నుంచి.

ఏప్రిల్ మొదటి ఆదివారం మళ్లీ ఆమే ముందు వచ్చి చెయ్యి చాపింది. నా చెయ్యి ఇచ్చాను, నోరు రాలేదు. పళ్లెం నా ముందుకొచ్చినప్పుడు చేతులు ఒళ్లోనే ఉంచుకుని పక్కకు జరిపాను. మందిరంలో అది అందరికీ కనపడుతుంది. బయట చెప్పులేసుకుంటుంటే ముసలామె అడిగింది. "ఏమే, ఆ లైబ్రరీలో రొట్టెలు కూడా ఇస్తున్నారా? ఇక్కడ వద్దంటున్నావ్?" నవ్వబోయాను, రాలేదు. నాకు భయం పట్టుకుంది. మా ఇంటిల్లిపాదీ ఆ బల్ల దగ్గర పెరిగాం. నేను బయటే ఉండిపోతానేమో, ఇక ఎప్పటికీ చెయ్యి చాపలేనేమో అని.

మర్నాడు ఒక కాగితం మీద ఒప్పుకోలు రాసుకున్నాను. మంచి భాషలోనే రాశాను. రెండు మాటలకు నిఘంటువు కూడా చూశాను. సంఘం ముందు నిలబడి సాక్ష్యంగా చదవాలని నా ఉద్దేశం. ముందు ఆమెకు వినిపిద్దామని మధ్యాహ్నం వాళ్లింటికి వెళ్లాను. వసారాలో కూర్చుని ఎర్రకాయల్లోంచి తాలు ఏరుతోంది. ముక్కుకు గుడ్డ కట్టుకుంది. నేనూ కూర్చుని కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని ఏరాను. ఇద్దరం దగ్గుతున్నాం. కాసేపటికి కాగితం తీసి మొదటి వాక్యం చదివాను.

"చదవకక్కా" అంది. "నాకు తెలుసు."

ఏం తెలుసని అడిగాను.

"నీ కుప్ప చుట్టూ కాలవ చూశాను. తీసిన మట్టి గట్టు కింద పొడిగా ఉంది. కాలవ తియ్యడానికి తీరిక ఉన్న మనిషికి పట్టా లాగడానికి తీరిక ఉండదా?"

మిరప కల్లంలో పుట్టి పెరిగినవాళ్లకు కాలవ చూస్తే ఎప్పుడు తీశారో తెలిసిపోతుంది. వానలో తీసిన మట్టి జారిపోతుంది, ముందు తీసింది నిలబడుతుంది. ఇన్ని చదివి నాకు ఆ ఆలోచన రాలేదు.

"మరి నెల రోజుల్నుంచి ఎందుకు అడగలేదు?"

"అడిగితే నువ్వు కాదంటావు. అప్పుడు నేను రెండు క్షమించాలి. ఒకటైతే ఎలాగో లాక్కొస్తున్నాను."

ఇక్కడ నేను ఏడ్చి ఆమె కాళ్లు పట్టుకున్నానని రాస్తే బాగుంటుంది. నాకు కోపం వచ్చింది. నేను అడక్కముందే ఆమె క్షమించేసింది. అడిగే వంతు కూడా నాకు మిగల్చలేదు. ఒప్పుకోలులోనైనా నేను ముందుందామనుకున్నాను, అక్కడికీ నాకంటే ముందే చేరి కూర్చుంది. అంత గొప్పదానివా నువ్వు అన్నాను. గట్టిగానే అన్నాను.

ఆమె చేతిలో కాయల్ని చేటలోకి విసిరికొట్టింది. గొప్పా, అంది. రోజూ పొద్దున కల్లానికి పోయేటప్పుడు నీ కుప్ప కనపడకుండా చుట్టు తిరిగి పోతున్నాను అంది. దేవుడికి క్షమించానని చెప్పి, ఇంటికొచ్చి అంట్లు విసిరేస్తున్నాను అంది. రొట్టెకు ముందు నీ దగ్గరికి నేనే ఎందుకొస్తున్నానో తెలుసా, నువ్వు రాలేదని నలుగురూ చూడాలని, అంది. గొంతు తగ్గించి, ఆరోజు మైకులో నీ పేరెత్తింది కూడా అందుకే అక్కా, నువ్వు అలిగి రాలేదని అందరికీ తెలియాలని ఎత్తాను, దానికి నన్ను క్షమించు అంది.

నిజం చెబుతున్నాను, ఆ మాట విన్నప్పుడు నాకు కలిగింది సంతోషం. ఇన్నేళ్లకు ఆమెలో ఒక తప్పు దొరికింది. దాన్ని క్షమించాను. అది నేను ఆమెకు ఇచ్చిన మొదటి క్షమాపణ. నా తప్పు చిన్నదే, నీదాంతో పోలిస్తే చాలా చిన్నది, ఆ తేడా మర్చిపోవద్దు అని ఆమె వెంటనే గుర్తుచేసింది కూడా.

తర్వాత నా కాగితం సంగతి అడిగింది. సంఘం ముందు చదువుతానన్నాను. వద్దంది. "అక్కడ చదివితే ఎంత బాగా ఒప్పుకుందో అంటారు. నీకు మళ్లీ పేరే వస్తుంది. ముందు మీ మరిదికి చెప్పు. కాగితం లేకుండా చెప్పు."

మా మరిది ఇంటి వెనక మందు కొట్టే పంపు బాగుచేసుకుంటున్నాడు. నిలబడి చెప్పాను. నాలుగు వాక్యాలు. మబ్బు చూశాను, మావి కప్పాను, మీవి కప్పలేదు, కావాలనే కప్పలేదు. అతను తలెత్తలేదు. పంపులో వాషరు తీశాడు, పెట్టాడు. చివరికి అన్నాడు.

"జ్వరమొస్తే బొండాలు తెచ్చాను నీకు."

"తెచ్చావయ్యా."

"తాగావు."

"తాగాను."

పంపు అక్కడే వదిలేసి పోయాడు. ఆ తర్వాత చాలాకాలం నాతో మాట్లాడలేదు. ఆ వేసవిలోనే చేనుకు అవతలి కొసన వేరే కల్లం చదును చేసుకున్నాడు. అన్నతో మామూలుగానే ఉండేవాడు. మా ఆయన మధ్యలో దూరలేదు. నాకు మాత్రం ఒకసారి చెప్పాడు, వాడు కొడితే బాగుండేది కదూ అని.

పాస్టరుగారికి అంతా చెప్పాను. నువ్వు అడిగావు కదమ్మా, నీ వంతు అయిపోయింది, బల్ల తీసుకోవచ్చు అన్నారు. అది నిజమే అయుండొచ్చు. దేవుడు క్షమించాడని నేను నమ్మాను. కానీ మందిరంలో మగవాళ్ల వైపు మూడో వరసలో అతను కూర్చుని ఉంటే నా చెయ్యి లేచేది కాదు. మొదటి ఆదివారం వచ్చినప్పుడల్లా పళ్లెం పక్కకు జరిపేదాన్ని. రొట్టె తీసుకుంటున్న ప్రతి ఒక్కరి మీదా కుళ్లుకున్నాను. పాటల మధ్యలో నిద్రపోయే ముసలామె మీద, అప్పుడే బాప్తిస్మం తీసుకున్న పిల్లల మీద. మా తోటికోడలి మీద సరేసరి. ఆమె మాత్రం ప్రతిసారీ వచ్చి చెయ్యిచ్చేది. వచ్చేముందు ఇప్పుడు అటూ ఇటూ చూసేది కాదు. నేను గమనించాను.

ఆ మరుసటి ఏడు కాయ పండిన జనవరిలో, కూలీలు దొరకడం కష్టమైంది. అందరి చేలూ ఒకేసారి కోతకొచ్చాయి. ఒక సాయంత్రం నేను వాకిట్లో కందులు చెరుగుతుంటే మా మరిది వచ్చి గేటు బయటే ఆగాడు. లోపలికి రమ్మన్నాను, రాలేదు.

"రేపు మా కోత" అన్నాడు. "ముగ్గురు తగ్గారు. వస్తావా వదినా?"

వస్తానన్నాను. తిరిగి రెండడుగులు వేసి ఆగాడు.

"మబ్బు పడితే ముందు మావి కప్పాలి."

నవ్వుతాడేమోనని ముఖం చూశాను. నవ్వలేదు. మర్చిపోలేదు వదినా, అనుకోకు, అని చెప్పి వెళ్లిపోయాడు.

మర్నాడు చీకటితోనే వెళ్లి సాయంత్రం దాకా కోశాను. నా వరస పక్క వరస మా తోటికోడలిది. ఆమె చెయ్యి నాకంటే చురుకు. మధ్యాహ్నానికే నన్ను దాటేసి పోయింది. అదీ గమనించాను, మనసు చివుక్కుమంది. అన్నాలప్పుడు మా మరిది నీళ్ల బిందె తెచ్చి అందరికీ పోస్తూ వచ్చాడు. నా వంతు వచ్చినప్పుడు నేను దోసిలి పట్టాను. చాలనేదాకా పోశాడు.

ఆ ఫిబ్రవరి మొదటి ఆదివారం పళ్లెం వచ్చినప్పుడు రొట్టె తీసుకున్నాను. దాని తర్వాత మా తోటికోడలు ముగింపు ప్రార్థన చేసింది. ఆడవాళ్లు కళ్లు తుడుచుకున్నారు. నేను ఎంతమందో లెక్కపెట్టడం మొదలుపెట్టి, ఐదుగురి దగ్గర ఆపి, కళ్లు మూసుకున్నాను.

ఇది రాయడానికి సాయపడ్డవాళ్లకు కృతజ్ఞతలు చెప్పాలి. తెల్లకాగితాల కట్ట ఇచ్చి, నా రాతలో తప్పులు దిద్దిన గ్రంథపాలకుడికి. నేను పళ్లెం జరిపినన్ని నెలలూ కారణం ఎవరికీ చెప్పకుండా దాచిన పాస్టరుగారికి, పాస్టరమ్మగారికి. రాసినంతసేపూ పొయ్యి దగ్గర పని తను చూసుకున్న మా ఆయనకు. పరీక్ష పెట్టవు కదా అని అడిగి మరీ మొదటి నాలుగు పేజీలు విన్న ముసలామెకు. తన మాటలు ఉన్నవి ఉన్నట్టు వేసుకోమన్న మా మరిదికి. మొత్తం రెండుసార్లు చదివించుకుని విని, తనను మరీ మంచిదానిలా రాశానని మూడు చోట్ల కొట్టేయించిన మా తోటికోడలికి.